కంప్యూటర్ కబుర్లు: అంకెకూ ఓ చిరునామా కావాలి



ఈసారి కబుర్లు మా వంటింట్లోంచే మొదలుపెడతాను. మా అమ్మ మొదటిసారి బహ్రెయిన్ వచ్చిన కొత్తలో ఓ సాయంత్రం మా వీధి చివరి కోల్డ్ స్టోర్ నుంచి పాలు, పెరుగు, కొత్తిమీర, నిమ్మకాయలు తెచ్చాను. సంచీలో ఉన్న బిల్లు చూసి అమ్మ గుండె మీద చెయ్యి వేసుకుంది.

"ఒరేయ్, రెండు వేల మూడు వందల యాభయ్యా! కొత్తిమీరలో బంగారం ఏమైనా కలిపారా?"

బిల్లు మీద ఉన్నది 2.350. రెండు దీనార్ల మూడు వందల యాభై ఫిల్స్ అన్నమాట. మన రూపాయికి వంద పైసలు కాబట్టి చుక్క తర్వాత రెండంకెలే మనకి అలవాటు. ఇక్కడ దీనారుకి వెయ్యి ఫిల్స్ కాబట్టి చుక్క తర్వాత మూడంకెలు వేస్తారు. అమ్మ ఆ చుక్కని కామా అనుకుంది, ఆ దీనార్లని రూపాయలనుకుంది.

మా పాప పకపకా నవ్వింది. "నానమ్మా, అది కామా కాదు, చుక్క!"

అమ్మ తగ్గలేదు. "చుక్కయితేనేం, కామా అయితేనేం! పక్కన దీనార్లు అని ఓ ముక్క రాసి ఉంటే నాకీ గుండెదడ ఉండేది కాదుగా!" అంది.

అందరం నవ్వుకున్నాం. నేనూ నవ్వాను. పగలంతా ఆఫీసులో అంకెలతోనే నా పని. అయినా ఆ మాట నాక్కూడా వర్తిస్తుందని అప్పుడు తట్టలేదు. తట్టి ఉంటే ఈ వ్యాసం రాసే అవసరమే వచ్చేది కాదు.

మబ్బు ఎక్కడుంది?

నా పనేమిటో ముందు పిల్లలకి చెప్పాలి. మీ అమ్మానాన్నలు ఫోన్‌లో డబ్బు పంపినా, విమానం టికెట్ కొన్నా, మీ స్కూలు మీ మార్కులు దాచినా, ఆ వివరాలన్నీ ఒక పెద్ద చిట్టాలో చేరతాయి. ఆ చిట్టానే డేటాబేస్ అంటాం. ఒకప్పుడు ప్రతి కంపెనీ తన డేటాబేస్‌ని సొంత గదిలో, సొంత కంప్యూటర్‌లో, సొంత ఏసీ కింద పెట్టుకునేది. ఇప్పుడు చాలామంది అద్దెకి తీసుకుంటున్నారు. ఆ అద్దె పద్ధతికే క్లౌడ్ అని పేరు. పేరుకి మబ్బే గానీ ఆకాశంలో ఏమీ ఉండదు. నేల మీదే పెద్ద పెద్ద భవనాలు, వాటి నిండా కంప్యూటర్లు, బోలెడు కరెంటు, బోలెడు చల్లదనం!

ఈ కథలో మన బహ్రెయిన్‌కి మంచి చోటుంది. ఇక్కడి ప్రభుత్వం 2017లో 'క్లౌడ్ ఫస్ట్' విధానం ప్రకటించింది. కొత్త కంప్యూటర్ పని ఏదైనా ముందు క్లౌడ్‌లో కుదురుతుందేమో చూడాలన్నది దాని సారాంశం. అదే ఏడాది అమెజాన్ వెబ్ సర్వీసెస్ తన మధ్యప్రాచ్య కేంద్రాన్ని బహ్రెయిన్‌లో పెడతామని చెప్పింది. 2019 జూలై 30న అది మొదలైంది. మధ్యప్రాచ్యంలో ఆ సంస్థకి అదే మొదటి కేంద్రం. ఒకదానికొకటి దూరంగా ఉండే మూడు విభాగాలతో దాన్ని కట్టారు. అప్పటిదాకా మనం మనామాలో కూర్చుని మీట నొక్కితే ఆ మాట ముంబయికో ఫ్రాంక్‌ఫర్ట్‌కో ఐర్లాండ్‌కో వెళ్ళి రావాల్సి వచ్చేది. ఆ తర్వాత 2022 నవంబరులో మన హైదరాబాద్‌లోనూ ఆ సంస్థ కేంద్రం తెరిచింది.

అద్దె ఇంట్లో గోడ వెనక పైపు కారితే మనకెలా తెలుస్తుంది? మీటరు చూడాలి, కొళాయి ధార చూడాలి. క్లౌడ్‌లో డేటాబేస్ కూడా అంతే. ఆ కంప్యూటర్‌ని మనం చేత్తో ముట్టుకోలేం. అది బాగుందో లేదో చెప్పేవి అంకెలే. ప్రాసెసర్ ఎంత శాతం పనిలో ఉంది, ఎంతమంది ఒకేసారి కనెక్ట్ అయ్యారు, ఖాళీ జాగా ఎంత మిగిలింది, డిస్కు నుంచి ఒక్కసారి చదవడానికి ఎంత సమయం పడుతోంది... ఇలాంటివి నిమిషానికోసారి వస్తూనే ఉంటాయి. వీటినే మెట్రిక్స్ అంటారు. అమెజాన్‌లో వీటిని పోగుచేసే సేవ పేరు క్లౌడ్‌వాచ్, 2009లో వచ్చింది. ఏ అంకె అయినా మనం పెట్టిన హద్దు దాటితే అది మన ఫోన్ మోగిస్తుంది. అర్ధరాత్రయినా సరే!

ఆ హద్దు మాత్రం మనమే రాయాలి. నా తప్పు అక్కడే జరిగింది.

జీతాల రోజు

నాలుగైదేళ్ళ క్రితం మాట. అప్పట్లో నేను పనిచేసిన కంపెనీ పేరు ఇక్కడ అనవసరం. ఫోన్‌లోంచి ఊరికి డబ్బు పంపే యాప్ ఒకటి మా చేతిలో ఉండేది. దాని డేటాబేస్ బాగోగులు నావి. దాన్ని బహ్రెయిన్ కేంద్రంలోకి మార్చినప్పుడు అలారాలన్నీ నేనే రాశాను. అందులో ఒకటి డిస్కు చదివే ఆలస్యం మీద. దాని పేరు రీడ్ లేటెన్సీ. మామూలు రోజుల్లో అది 5 మిల్లీసెకన్లు దాటదు. సెకనులో వెయ్యో వంతు ఒక మిల్లీసెకను. 200 దాటితే ఏదో తేడా జరిగినట్టే కదా అనుకుని ప్రోగ్రాములో "హద్దు = 200" అని రాశాను. ఉత్త 200. పక్కన ఏమీ లేదు.

ఇక జీతాల రోజు వచ్చింది. గల్ఫ్‌లో జీతాల రోజు సాయంత్రం ఎలా ఉంటుందో మీకు నేను చెప్పాలా! ఎక్స్చేంజీల ముందు వరసలు, ఫోన్లలో యాప్‌లు, అందరికీ ఒకటే తొందర. సరిగ్గా ఆ సాయంత్రమే ఆరింటికి నెలాఖరు నివేదికలు తయారుచేసే పని కూడా అదే డేటాబేస్ మీద మొదలైంది.

మేము వాడుతున్న డిస్కు అప్పట్లో అందరూ వాడే జీపీ2 రకం. అది మేడ మీద వాటర్ ట్యాంకు లాంటిది. కింద నుంచి సన్న పైపులో నీళ్ళు నిదానంగా ఎక్కుతుంటాయి. ట్యాంకు నిండుగా ఉన్నంతసేపూ ఇంట్లో నాలుగు కొళాయిలు తిప్పినా ధార జోరుగానే వస్తుంది. ట్యాంకు ఖాళీ అయిందా, ఆ సన్న పైపులో ఎంతొస్తే అంతే. మా 100 జీబీ డిస్కుకి సన్న పైపు సెకనుకి 300 పనులు. ట్యాంకు నిండుగా ఉంటే సెకనుకి 3000 దాకా చేస్తుంది. అలా పూర్తి జోరు మీద వాడితే ట్యాంకు అరగంటకి కాస్త పైన ఖాళీ అవుతుంది. ఆ రోజు ఏడు దాటేసరికి ఖాళీ అయింది.

ధార తగ్గితే జనం ఏం చేస్తారు? కొళాయి మళ్ళీ మళ్ళీ తిప్పుతారు. యాప్ తిరుగుతూ ఉండిపోయేసరికి అందరూ మూసి తెరిచారు, మళ్ళీ నొక్కారు. ఒక్కో నొక్కుకీ కొత్త కనెక్షన్, కొత్త వరస. 5 మిల్లీసెకన్లలో అయ్యే పనికి రెండు సెకన్లు పట్టడం మొదలైంది. డబ్బు పంపడమంటే అలాంటి పనులు పదులకొద్దీ ఉంటాయి. దాంతో ఏ పనీ పూర్తి కాకుండానే గడువు దాటిపోయేది.

నా ఫోన్ మాత్రం మోగలేదు. ఏడున్నరకి మేము ఇంట్లో పెసరట్టు తింటున్నాం. ఎనిమిది దాటాక మేనేజరు ఫోన్ చేశారు. లాప్‌టాప్ తెరిచి గ్రాఫ్ చూశాను. హద్దు గీత పైన 200 దగ్గర ఎర్రగా ఉంది. అసలు గీత అడుగున చదునుగా, ప్రశాంతంగా ఉంది. "డిస్కు బాగానే ఉందండీ, ఇంకెక్కడో ఉంది తేడా" అన్నాను. ఎంత ధైర్యంగా అన్నానో తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

క్లౌడ్‌వాచ్ రీడ్ లేటెన్సీని మిల్లీసెకన్లలో ఇవ్వదు, సెకన్లలో ఇస్తుంది. మామూలు రోజు విలువ 0.005. ఆ రాత్రి విలువ 2. నాలుగు వందల రెట్లు! కానీ 200 పక్కన 2 ఏపాటి? గ్రాఫ్‌లో కనపడనే కనపడదు. నేను పెట్టిన అలారం మోగాలంటే డిస్కు ఒక్కసారి చదవడానికి 200 సెకన్లు, అంటే మూడు నిమిషాల ఇరవై సెకన్లు పట్టాలి. ఊరంతా కాలిపోయాక మోగే గంట అది.

తప్పు దొరికి, నివేదికల పని ఆపేసి, వరస తగ్గి, యాప్ కుదుటపడేసరికి రాత్రి తొమ్మిదిన్నర. అప్పుడు ఇండియాలో అర్ధరాత్రి పన్నెండు.

నూటికి మూడు

ఆ తర్వాత నెలలోనే ఉగాది. మన తెలుగువాళ్ళ సంబరాల్లో పచ్చడి గిన్నె చేత్తో పట్టుకుని ఓ కుర్రాడి పక్కన కూర్చున్నాను. మా పాప నా వెనకే ఉంది. అతనిది జగిత్యాల వైపు ఊరు, ఉండేది సల్మాబాద్ క్యాంపులో. మాటల్లో మాట, ఇంటికి డబ్బు ఎలా పంపుతావని అడిగాను. మా యాప్ పేరే చెప్పాడు.

"మంచిగనే ఉంటదన్నా. గని పోయిన జీతం రోజు సతాయించింది. గుండ్రంగ తిర్గుడే, తిర్గుడే. మా ఇంటామెకు నొప్పులొచ్చి దవాఖానల ఉన్నది. ఆపరేషన్ జెయ్యాలె, నలభై వేలు కట్టుమన్నరు. నేను ఇక్కడ నొక్కుతనే ఉన్న. అది పోతలేదు. మా బాపు ఊర్ల ఒకాయన తాన నూటికి మూడుకు తెచ్చి కట్టిండు."

"ఇప్పుడు అందరూ బాగున్నారా?"

"మంచిగున్నరన్నా. బిడ్డ పుట్టింది." ముఖం వెలిగిపోయింది. "పైసలు తెల్లారే పంపిన. గని ఒక్కరోజుకైనా నెల మిత్తి కట్టాలె కద. పన్నెండు వందలు."

నేనేం అనాలో తెలీక కూర్చున్నాను. ఇంతలో మా పాప నెమ్మదిగా అడిగింది, "నాన్నా, నూటికి మూడే కదా? బ్యాంకులో తొమ్మిదీ పదీ అంటారుగా. మరి ఇదే నయం కదా?"

ఆ కుర్రాడు నవ్వాడు. "బ్యాంకుల తొమ్మిదంటే సాలుకు, చిట్టీ. ఊర్ల మూడంటే నెలకు."

నెలకి మూడంటే ఏడాదికి ముప్ఫై ఆరు. ఉత్త అంకె చూస్తే మూడు చిన్నది, తొమ్మిది పెద్దది. పక్కన ఉండాల్సిన మాట పెట్టి చూస్తే లెక్క తలకిందులు. నేను రాసిన 200 కూడా ఈ మూడు లాంటిదే. పక్కన మాట లేని నా అంకె వల్ల అతను పక్కన మాట లేని ఇంకో అంకె దగ్గరికి వెళ్ళాల్సి వచ్చింది.

"ఆ యాప్ డేటాబేస్ చూసేది నేనే తమ్ముడూ. ఆ రాత్రి తప్పు నాదే" అన్నాను.

అతను కాసేపు నా వైపు చూశాడు. "గట్లనా అన్నా! అయితే గీసారి జర సూస్కోండ్రి" అని, గిన్నెలో మిగిలిన పచ్చడి తాగేసి లేచాడు. కోప్పడి ఉంటే నాకు కొంచెం తేలికగా ఉండేదేమో!

చీటీ మీద ఏం రాయాలి?

మర్నాడు ఆఫీసుకి వెళ్ళి చేసిన మొదటి పని 200ని 0.2 చెయ్యడం కాదు. అది అప్పటికే చేశాం. ప్రోగ్రాములో ఎక్కడెక్కడ ఉత్త అంకెలున్నాయో వెతకడం మొదలుపెట్టాం. ఖాళీ జాగా మీద ఓ అలారం దొరికింది. హద్దు 10 అని ఉంది. రాసినవాళ్ళ ఉద్దేశం 10 జీబీ. కానీ ఆ మెట్రిక్ వచ్చేది బైట్లలో. ఒక జీబీ అంటేనే వంద కోట్ల బైట్లకి పైన. డిస్కు నిండి పొర్లినా ఆ అలారం నిద్ర లేచేది కాదు.

ఇంకో విచిత్రం చూడండి. అసలు డేటాబేస్‌కీ, దాని నకలుకీ మధ్య ఎంత వెనకబాటు ఉందో చెప్పే మెట్రిక్ ఒకటుంది. అమెజాన్ ఆర్డీఎస్‌లో దాని పేరు రెప్లికా ల్యాగ్, వచ్చేది సెకన్లలో. అదే అమెజాన్ వారి అరోరాలో దాని పేరు అరోరా రెప్లికా ల్యాగ్, వచ్చేది మిల్లీసెకన్లలో! ఒకే ఇంట్లో అన్న శేర్లలో కొలిస్తే తమ్ముడు కిలోల్లో కొలిచినట్టు. ఇందులో వాళ్ళు దాచిందేమీ లేదు, పుస్తకంలో స్పష్టంగా రాశారు. చదవాల్సిందీ, చదివినదాన్ని ప్రోగ్రాములో పెట్టాల్సిందీ మనం.

అందుకని ప్రతి కొలతకీ ఓ చీటీ ఉండాలని నియమం పెట్టుకున్నాం. చీటీలో ఐదు గళ్ళు:

పేరు: డిస్కు చదివే ఆలస్యం
ఎవరిది: డబ్బు పంపే యాప్, అసలు డేటాబేస్
ఎప్పటిది: సాయంత్రం 4 గంటల 5 నిమిషాలు, ప్రపంచ సమయం
ఎంత: 2
ఏ కొలతలో: సెకన్లు

ఇది మేము కనిపెట్టిందేమీ కాదు. క్లౌడ్‌వాచ్‌కి మనమే కొలతలు పంపాలంటే వాళ్ళిచ్చే జావా లైబ్రరీలో 'మెట్రిక్ డేటమ్' అనే నమూనా ఉంటుంది. అందులో పేరు, ఎవరిదో చెప్పే డైమెన్షన్లు, సమయం, విలువ, యూనిట్ అన్నీ ఉంటాయి. యూనిట్ ఇష్టమొచ్చినట్టు రాయడానికి లేదు, వాళ్ళిచ్చిన జాబితాలోంచి ఎంచుకోవాలి. ఏదీ ఎంచుకోకపోతే 'నన్', అంటే ఏమీ లేదు అని పడుతుంది. ప్రొమీథియస్ అనే మరో పేరున్న సాధనం వాళ్ళయితే ఇంకో అడుగు ముందుకేసి, యూనిట్‌ని మెట్రిక్ పేరులోనే కలిపి రాయమంటారు, పేరు చివర 'సెకండ్స్' అనో 'బైట్స్' అనో. పేరు పలికితే చాలు, కొలత తెలిసిపోతుంది.

మేము చేసిందల్లా ఆ చీటీని మా ప్రోగ్రాము లోపల కూడా చించకుండా ఉంచడం. ఇదివరకు చీటీలోంచి 'ఎంత' అన్న గడి మాత్రం చింపి పట్టుకుని తిరిగేవాళ్ళం. ఇప్పుడు సమయం అనేది మా ప్రోగ్రాములో ఉత్త అంకె కాదు, ఒక ప్రత్యేకమైన రకం. 200 మిల్లీసెకన్లు అని రాస్తేనే ఒప్పుకుంటుంది. ఉత్త 200 రాస్తే ప్రోగ్రామ్ తయారవ్వనే అవ్వదు, అక్కడికక్కడే తప్పు చూపిస్తుంది. సెకన్లనీ మిల్లీసెకన్లనీ పోల్చాల్సి వస్తే అదే మార్చుకుని పోలుస్తుంది. బైట్లనీ సెకన్లనీ పోల్చమంటే కుదరదంటుంది. జీతాల రోజు రాత్రి దొరికే తప్పు ప్రోగ్రామ్ రాసే పూటే దొరుకుతుందన్నమాట.

ఇంత చిన్న విషయానికి ఇంత హడావుడా అనుకోకండి. 1998 డిసెంబరులో నాసా అంగారకుడి మీదకి క్లైమేట్ ఆర్బిటర్ అనే నౌకని పంపింది. నేల మీద ఒక ప్రోగ్రామ్ దాని ఇంజన్ల తోపుడు లెక్కని పౌండ్లలో ఇచ్చింది. అందుకున్న ప్రోగ్రామ్ దాన్ని న్యూటన్లు అనుకుంది. 1999 సెప్టెంబరు 23న ఆ నౌక గ్రహానికి మరీ దగ్గరగా వెళ్ళి మాయమైపోయింది. అంత చదువుకున్నవాళ్ళ మధ్య కూడా పక్కన మాట లేని అంకె అంత పని చేసింది.

మిగతా గళ్ళ సంగతి

'ఎప్పటిది' అన్న గడికీ ఓ కథ ఉంది. ఆ రాత్రి గురించి హైదరాబాద్‌లో ఉన్న మా సహోద్యోగి "తొమ్మిదిన్నరకి మొదలైంది" అని రాశాడు. మనామాలో మేము "ఏడింటికి" అని రాశాం. గ్రాఫ్ "నాలుగింటికి" అని చూపించింది. ఇది విని మేనేజరు "ఒకే రోజు మూడుసార్లు పడిపోయిందా!" అని హడలిపోయారు. పడింది ఒక్కసారే. బహ్రెయిన్ ప్రపంచ సమయానికి మూడు గంటలు ముందు, ఇండియా ఐదున్నర గంటలు ముందు. ఊరికి ఫోన్ చేసేటప్పుడు రెండున్నర గంటలు కలుపుకోవడం మన ఇళ్ళల్లో పసిపిల్లలకి కూడా తెలుసు. ప్రోగ్రాములో రాసేటప్పుడు మాత్రం మర్చిపోతాం.

'ఎవరిది' అన్న గడిలో ఓ జాగ్రత్త. ఏ డేటాబేస్, ఏ పని అన్నంతవరకే రాయాలి. డబ్బు పంపినవారి ఫోన్ నంబరో, ఖాతా నంబరో రాయకూడదు. ఒకటి, అది వాళ్ళ గుట్టు. రెండోది, క్లౌడ్‌వాచ్ ప్రతి కొత్త డైమెన్షన్‌నీ వేరే మెట్రిక్‌గా లెక్కేసి డబ్బు తీసుకుంటుంది. లక్షమంది పేర్లు రాస్తే లక్ష మెట్రిక్స్ అవుతాయి!

'ఎంత' అన్న గడిలో సగటు రాసి ఊరుకోవడం కూడా మోసమే. వందమంది డబ్బు పంపారనుకోండి. 99 మందికి సెకనులో వందో వంతులో పనైంది. ఒక్కరికి 30 సెకన్లు పట్టింది. సగటు తీస్తే సెకనులో మూడో వంతు కూడా లేదు. చూసినవాళ్ళు భేష్ అంటారు. ఆ ఒక్కడి చేతిలో ఫోన్ తిరుగుతూనే ఉంటుంది. అందుకే వందలో 99 మందికి ఎంతలోపు పనైందో, అందరికన్నా ఎక్కువ ఆగినవాడు ఎంతసేపు ఆగాడో చెప్పే లెక్కలు కూడా పక్కనే పెట్టుకోవాలి. ఉగాది తర్వాత మేము కొత్తగా కలిపిన మొదటి మెట్రిక్ అదే. డిస్కుది కాదు, మనిషిది. మీట నొక్కిన దగ్గర్నుంచి "మీ డబ్బు వెళ్ళింది" అని కనపడేదాకా ఎంతసేపు? దానికీ ఐదు గళ్ళ చీటీ ఉంది. ట్యాంకులో ఎన్ని నీళ్ళున్నాయో చెప్పే బర్స్ట్ బ్యాలెన్స్ అనే మెట్రిక్ కూడా చేర్చాం. అది శాతంలో వస్తుంది. తర్వాత జీపీ3 రకం డిస్కులు వచ్చాక వాటికి మారాం. అందులో ఆ ట్యాంకు గొడవ లేదు.

చివరి సంగతి, నాకు అన్నిటికంటే నచ్చినది. క్లౌడ్‌వాచ్ అలారానికి రెండు స్థితులే ఉంటాయని చాలామంది అనుకుంటారు, బాగుంది అని ఒకటి, బాగోలేదు అని ఒకటి. కానీ మూడోది కూడా ఉంది: చెప్పడానికి సరిపడా సమాచారం లేదు. కొలతే రాకపోతే దాన్ని సున్నా అనుకోవాలా, బాగున్నట్టా, ప్రమాదమా అన్నది కూడా మనమే తేల్చి రాయాలి. పరాయి దేశంలో ఉండే మనకి ఇది ఎవరూ నేర్పక్కర్లేదు. ఊళ్ళో అమ్మ రోజూ ఎనిమిదింటికి ఫోన్ చేస్తుంది. ఓ రోజు చెయ్యలేదు. అంటే బాగున్నట్టా? బాగోలేనట్టా? రెండూ కాదు. తెలీదు. తెలీనప్పుడు మనం ఏం చేస్తాం? ఊరుకోం, పక్కింటివాళ్ళకి ఫోన్ చేస్తాం. మా డేటాబేస్ ఐదు నిమిషాలు మాట్లాడకపోతే ఇప్పుడు నా ఫోన్ మోగుతుంది.

పిల్లలకి ఓ పని

పిల్లలూ, ఈ మూడు నెలల్లో మీరు చెయ్యాల్సిన పని ఇది. మీ ఇంట్లో ఐదు అంకెలు వెతకండి. ఏసీ రిమోట్ మీద ఒకటి, కరెంటు బిల్లు మీద ఒకటి, మందు సీసా మీద ఒకటి, పాల డబ్బా మీద ఒకటి. ఐదోది మీ ఇష్టం. ఒక్కో అంకెకీ ఐదు గళ్ళ చీటీ రాయండి. ఎన్ని గళ్ళు ఖాళీగా మిగిలాయో చూడండి. మీకు జ్వరమొస్తే ఇక్కడి డాక్టరు గారు 38.5 అంటారు. అదే మాట ఊళ్ళో అమ్మమ్మకి చెప్తే, నూటొకటి కాదుగా, జ్వరమే లేదనుకుంటుంది. సెల్సియస్ అని చెప్పి చూడండి, 101.3 ఫారెన్‌హీట్ అని మార్చి చెప్పండి. లెక్క మీరే చేయాలి, ఫోన్ చూడకూడదు!

పెద్దలకి ఓ చిన్న ముచ్చట. 1965కి ముందు బహ్రెయిన్‌లో చెల్లింది మన రిజర్వ్ బ్యాంకు గల్ఫ్ దేశాల కోసం ప్రత్యేకంగా వేసిన రూపాయి. ఆ ఏడాది దీనారు వచ్చింది. పది రూపాయలకి ఒక దీనారు లెక్కన మార్చారు. నిన్న పది అన్నది ఇవాళ ఒకటైంది. పక్కన మాట చూసుకోకుండా బేరమాడిన వాళ్ళు ఆ వారమంతా ఎన్ని తగువులు పడ్డారో!

మా అమ్మ తిరిగి ఊరెళ్ళే ముందు కోల్డ్ స్టోర్ బిల్లులన్నీ ఓ కవర్లో దాచింది. ప్రతి బిల్లు మీద చివరి అంకె పక్కన నీలం పెన్నుతో తన గుండ్రటి అక్షరాల్లో 'దీనార్లు' అని రాసి ఉంది. ఎందుకమ్మా అంటే, "ఊళ్ళో ఎవరికైనా చూపిస్తే గుండాగిపోకూడదుగా" అంది. వాటిలో ఒకటి అడిగి తీసుకున్నాను. ఆఫీసులో నా కంప్యూటర్ పక్కన అంటించాను. కొత్తగా చేరిన పిల్లలు అదేమిటని అడుగుతారు. అప్పుడు జగిత్యాల కుర్రాడి పన్నెండు వందల కథ చెబుతాను. రూపాయలు అని మర్చిపోకుండా కలిపి చెబుతాను.

వచ్చే సంచికలో మళ్ళీ కలుద్దాం. అంతవరకూ సెలవు.